మరణశయ్య యొద్ద ప్రభుత్వాధికారమునకు హద్దు



గ్రామములో ఇంటి పెద్ద అవసానదశలో నున్నప్పుడు ఆయన మంచము చుట్టును చేరువారెవరో మీకు తెలియును. భార్య యుండును, కుమారులుందురు, కోడండ్రుందురు, ఇరుగుపొరుగువారుందురు, వైద్యుడుండును. తులసితీర్థము పోయువారొకరు, పాదములొత్తువారొకరు. అట్టి గదిలోనికి శాసనసభ్యులును, రాష్ట్ర గవర్నరును, తుదకు దేశాధ్యక్షుడును ప్రవేశించి, ఈ ప్రాణము విషయమున మా మాటయే చెల్లవలెనని పట్టుపట్టినచో నేమగును? ఇది కట్టుకథ కాదు. 2003వ సంవత్సరము మొదలు 2005వ సంవత్సరము వరకు అమెరికా సంయుక్తరాష్ట్రములలోని ఫ్లోరిడా రాష్ట్రమున నిజముగా జరిగినది. నేటి ప్రసంగమున ఆ చరిత్రను చెప్పి, అవసానకాలపు వ్యాజ్యములలో ప్రభుత్వమునకు ఎంతవరకు అధికారము కలదో, ఎచ్చట దాని హద్దు నిలుచునో విచారింతము.

పూర్వకాలమున ఈ ప్రశ్న పుట్టుటకే తావు లేకుండెను. అన్నము దిగనినాడు, ఊపిరి అందనినాడు మనుష్యుడు గతించెడివాడు. ఇరువదవ శతాబ్దపు నడుమనుండి రెండు సాధనములు ఆసుపత్రులలో సామాన్యమైనవి. ఒకటి, ఊపిరి ఆడించు యంత్రము. రెండవది, కడుపులోనికి గొట్టము వేసి ఆహారమును, నీటిని అందించు పద్ధతి. వీనివలన ఎందఱో బ్రదికిరి. నాలుగు దినములు యంత్రముపై నుండి, పిమ్మట లేచి ఇంటికి నడచి వచ్చినవారు మీ యూళ్లలోను ఉందురు. కాని వీనివలననే మఱియొక స్థితియు ఏర్పడినది. మెదడు చెడిపోయి, తెలివి మఱల రాదని తేలినను, దేహము మాత్రము ఏండ్ల తరబడి నిలుచును. రోగి కన్నులు తెఱచును, మూయును, నిద్రించును, మేల్కొనును, కాని తానెవరో, ఎదుటనున్నవారెవరో ఎఱుగదు.

అంపశయ్యపై పరుండిన భీష్మునికి స్వచ్ఛందమరణము వరముగా నుండెను. ఉత్తరాయణము వచ్చువరకు వేచియుండి, తన కాలమును తానే నిర్ణయించుకొనెను. పైన చెప్పిన రోగికి ఆ వరము లేదు, నోరును లేదు. మఱి ఆ రోగి మాటను ఎవరు పలుకవలె? భర్తయా, తల్లిదండ్రులా, వైద్యుడా, న్యాయాధిపతియా, ప్రభుత్వమా? వ్యాజ్యములన్నిటికిని మూలమిదియే.

ఈ తరగతి వ్యాజ్యములలో మొదట లోకప్రసిద్ధి పొందినది న్యూజెర్సీ రాష్ట్రమునకు చెందిన కారెన్ ఆన్ క్విన్లాన్ వ్యాజ్యము. 1975వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఇరువదియొక్క యేండ్ల ఆ యువతి స్పృహ తప్పి పడిపోయి, మఱల తెలివిలోనికి రాలేదు. యంత్రమును తొలగింపుడని తండ్రి కోరెను. వైద్యులు సమ్మతింపలేదు. రాష్ట్ర ప్రభుత్వ న్యాయవాదియు ప్రాణరక్షణము ప్రభుత్వధర్మమని వాదించి అడ్డుపడెను. క్రింది న్యాయస్థానము తండ్రి కోరికను త్రోసివేసెను. 1976వ సంవత్సరము మార్చి 31వ తేదీన రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఆ తీర్పును మార్చి, తండ్రి పక్షమున ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ తీర్పులోని ముఖ్యసూత్రము త్రాసు వంటిది. ప్రాణమును కాపాడుటలో ప్రభుత్వమునకు ఆసక్తి కలదు, నిజమే. కాని దేహముపై చేయు చికిత్స ఎంత బరువైనదగునో, కోలుకొను ఆశ ఎంత సన్నగిల్లునో, అంతకంతకు ప్రభుత్వపు తట్ట తేలిపోవును. మనుష్యుని స్వాధికారపు తట్ట మొగ్గును. యంత్రమును తొలగించిరి. కాని ఆ యువతి అందఱును తలచినట్లు వెంటనే మరణింపలేదు. తనంత తాను ఊపిరి పీల్చుచు, గొట్టము ద్వారా ఆహారముతో 1985వ సంవత్సరము జూను వరకు జీవించెను.

రెండవది మిస్సోరీ రాష్ట్రపు నాన్సీ క్రూజన్ వ్యాజ్యము. 1983వ సంవత్సరము జనవరిలో మోటారు ప్రమాదమున ఆమె స్పృహ కోల్పోయెను. ఆహారపు గొట్టమును తీయింపుమని తల్లిదండ్రులు కోరగా, రాష్ట్రము అడ్డుపడెను. సంగతి అమెరికా సుప్రీము కోర్టు వరకు పోయెను. 1990వ సంవత్సరము జూను 25వ తేదీన ఆ కోర్టు, తొమ్మండుగురిలో అయిదుగురి మతముచే, రాష్ట్రపు పక్షమున తీర్పు చెప్పెను. తెలివిగల మనుష్యునికి చికిత్సను కాదనుకొను హక్కు కలదని అంగీకరించుచునే, తెలివి లేని రోగి విషయమున ఆ రోగి కోరిక యేదో స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యముచే తేల్చుడని రాష్ట్రము నిర్బంధింపవచ్చునని చెప్పెను. పిమ్మట క్రొత్త సాక్షులు వచ్చిరి. రాష్ట్రము వ్యాజ్యమునుండి తప్పుకొనెను. క్రింది న్యాయాధిపతి అనుమతించెను. 1990వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన ఆమె కన్నుమూసెను.

ఈ రెండు తీర్పులను కలిపి చూచినచో ప్రభుత్వమునకు ఈ గదిలో బొత్తిగా తావు లేదని తేలుటలేదు. సాక్ష్యము గట్టిగా నుండవలెనని నియమము పెట్టుటకు దానికి అధికారము కలదు. ఆ అధికారము ఎచ్చట ముగియునో చూపినది మూడవ వ్యాజ్యము. దానినే కొంత విస్తరించి చెప్పెదను.

టెరీ షియావో అను స్త్రీ భర్తతో ఫ్లోరిడా రాష్ట్రపు సెయింట్ పీటర్స్‌బర్గు పట్టణమున నివసించుచుండెను. 1990వ సంవత్సరము ఫిబ్రవరి 25వ తేదీన తెల్లవాఱుజామున ఆమె ఇంటిలోనే కూలిపోయెను. గుండె ఆగుటచే మెదడునకు ప్రాణవాయువు అందక, తీరని హాని కలిగెను. అప్పటికామె వయస్సు ఇరువదియాఱు ఏండ్లు. తన కోరికను తెలుపు కాగితమేదియు ఆమె వ్రాసియుంచలేదు. న్యాయస్థానము భర్తను సంరక్షకునిగా నియమించెను. మొదటి కొన్ని యేండ్లు భర్తయు, ఆమె తల్లిదండ్రులును ఏకమై ఆమెకు చికిత్సలు చేయించిరి. వైద్యులపై వేసిన దావాలో వచ్చిన సొమ్ములో సుమారు 7,50,000 డాలర్లు ఆమె పోషణార్థము నిధిగా ఏర్పడెను. 1993వ సంవత్సరమున అల్లునికిని అత్తమామలకును భేదము పుట్టెను. 1998వ సంవత్సరమున భర్త, ఆహారపు గొట్టమును తీయుటకు అనుమతి నిమ్మని న్యాయస్థానమును అడిగెను. ఇట్టి బ్రదుకు తనకు వలదని ఆమె ఆరోగ్యముగానున్న దినములలో చెప్పియుండెనని అతడు వాదించెను. ఆమె అట్లనలేదనియు, కోలుకొను ఆశ కలదనియు తల్లిదండ్రులు వాదించిరి.

న్యాయాధిపతి జార్జి గ్రియర్ ఇరుపక్షముల సాక్షులను విని, 2000వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన తీర్పు చెప్పెను. ఆమె స్థితి మారనిదనియు, యంత్రాధారముచే జీవించుట ఆమె కోరిక కాదనుటకు స్పష్టమైన సాక్ష్యము కలదనియు నిర్ణయించెను. అప్పీలు కోర్టు దానిని ఖాయపఱచెను. 2001వ సంవత్సరము ఏప్రిలులో గొట్టమును తీసిరి. క్రొత్త అర్జీవలన రెండు దినములలో మఱల వేసిరి. 2002వ సంవత్సరమున మఱల విచారణ జరిగెను. భర్త పక్షమున ఇద్దఱు, తల్లిదండ్రుల పక్షమున ఇద్దఱు, న్యాయస్థానము నియమించినవారొకరు — ఇట్లు అయిదుగురు వైద్యులు సాక్ష్యమిచ్చిరి. నిర్ణయము మాఱలేదు. 2003వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన రెండవ మాఱు గొట్టమును తీసిరి.

ఇంతవరకు ఇది ఒక కుటుంబపు వ్యాజ్యము. ఆఱు దినములకు, అనగా అక్టోబరు 21వ తేదీన, ఫ్లోరిడా శాసనసభ ఒక చట్టమును త్వరత్వరగా ఆమోదించెను. ఒక రోగి వ్రాతమూలముగా కోరిక తెలుపనిచో, స్థిరమైన అచేతనావస్థలో నున్నదని న్యాయస్థానము తేల్చినచో, ఆహారము ఆపబడియున్నచో, బంధువొకరు దానిని ఎదిరించినచో, గవర్నరు దానిని నిలిపివేయవచ్చునని ఆ చట్టము చెప్పెను. ఈ లక్షణములన్నియు 2003వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీనాటికి ఉండవలెనట. గవర్నరు అధికారము పదునైదు దినములలో తీఱిపోవునట. చట్టమున పేరు లేకున్నను, అది ఎవరి కొఱకు కుట్టిన చొక్కాయో అందఱకును తెలియును. ప్రజలు దానిని టెరీ చట్టమనియే పిలిచిరి. గవర్నరు జెబ్ బుష్ ఆ దినముననే ఆజ్ఞ జారీ చేసెను. గొట్టమును మఱల వేసిరి.

భర్త ఆ చట్టముపై దావా వేసెను. 2004వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన ఫ్లోరిడా సుప్రీము కోర్టు, ప్రధాన న్యాయాధిపతి బార్బరా పారియెంటు వ్రాసిన తీర్పులో, ఏడుగురును ఏకాభిప్రాయముగా, ఆ చట్టము రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసిరి. వారు చెప్పిన కారణములు రెండు. మొదటిది: న్యాయస్థానములు విచారించి అంతిమముగా ఇచ్చిన తీర్పును శాసనసభ ఒక చట్టముచే తలక్రిందులు చేయరాదు. రెండవది: గవర్నరు ఏ ఆధారముపై ఆజ్ఞ ఇయ్యవలె, ఎప్పుడు దానిని తీయవలె అను నియమమేదియు లేక, పగ్గము లేని స్వేచ్ఛను అతని చేతికిచ్చుట చెల్లదు. రోగి కోరిక యేమని విచారింపవలసిన బాధ్యతయు ఆ చట్టమున గవర్నరునకు లేదు.

ఈ తీర్పులోని ధర్మము మనకు క్రొత్త కాదు. ఒక పొలమును గూర్చి రామయ్యకును సోమయ్యకును తగవు వచ్చినదనుకొనుడు. మునసబు కోర్టు మొదలు హైకోర్టు వరకు పదేండ్లు నడచి, పొలము రామయ్యదని తేలినది. మఱునాడు శాసనసభ కూడి, ఆ సర్వే నంబరు పొలము సోమయ్యకు చెందునని చట్టము చేసినచో, ఇక కోర్టుల ముఖము చూచువారెవరు? పరపతి గలవాని పొలమే పొలమగును. భూమి విషయమున నిట్లైనచో, దేహము విషయమున చెప్పవలెనా? శాసనసభ అందఱకును, రాబోవు కాలమునకు నియమములు చేయవలె. ఆ నియమము ఒక మనుష్యునికి ఎట్లు వర్తించునో న్యాయాధిపతి తేల్చవలె. తేల్చినదానిని కార్యనిర్వాహకులు నడపవలె. మూడు పనులును ఒక్కరి చేత పడినప్పుడు పౌరునికి మొఱపెట్టుకొను చోటుండదు.

కథ అంతటితో ముగియలేదు. 2005వ సంవత్సరము మార్చి 18వ తేదీన మూడవమాఱు గొట్టమును తీసిరి. ఆ దినముననే ప్రతినిధిసభకు చెందిన ఒక సంఘము, ఆ రోగియే తమ యెదుట సాక్ష్యమునకు రావలెనని సమను పంపెను! మాట పలుకలేని స్త్రీకి సమను. సాక్షికి హాని చేయుట నేరము గనుక గొట్టమును తీయరాదని వారి యుక్తి. గ్రియర్ న్యాయాధిపతి ఆ యుక్తిని మన్నింపలేదు. అంతట దేశపు శాసనసభయగు కాంగ్రెసు సెలవుదినములలో కూడెను. సెనేటు ఆదివారమున, ప్రతినిధిసభ అర్ధరాత్రి దాటినపిమ్మట 203 వోట్లకు 58 వోట్లతో ఒక చట్టమును ఆమోదించెను. గవర్నరుకు అన్నయగు అధ్యక్షుడు జార్జి బుష్ టెక్సాసునుండి రాజధానికి వచ్చి, మార్చి 21వ తేదీ వేకువకు ముందే దానిపై సంతకము చేసెను. ఆ తల్లిదండ్రుల వ్యాజ్యమును మాత్రము కేంద్ర న్యాయస్థానము క్రొత్తగా వినవలెనని ఆ చట్టము చెప్పెను.

కేంద్ర న్యాయాధిపతి జేమ్స్ విట్టెమోర్ వినెను. గెలుచు అవకాశము కానరాదని మఱునాడే మధ్యంతరాజ్ఞను నిరాకరించెను. అప్పీలు కోర్టు నిరాకరించెను. సుప్రీము కోర్టు జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. ఈ నడుమ రాష్ట్రపు సంక్షేమశాఖ ఆమెను తన స్వాధీనమునకు తీసికొనబోవగా, గ్రియర్ న్యాయాధిపతి అడ్డాజ్ఞ ఇచ్చెను. అధ్యక్షుని తండ్రి కాలమున నియమింపబడిన అప్పీలు న్యాయాధిపతి స్టాన్లీ బర్చ్ సైతము, కాంగ్రెసు చేసిన చట్టము రాజ్యాంగమును మీఱినదని మార్చి 30వ తేదీన వ్రాసెను. గ్రియర్ స్వయముగా అధ్యక్షుని రాజకీయపక్షమునకు చెందినవాడే. అతనికి బెదరింపులు వచ్చుటచే రక్షకభటుల కావలి ఏర్పాటు చేయవలసివచ్చెను. పక్షము వేఱు, పదవి వేఱు అని ఆ న్యాయాధిపతులు చూపిరి. మార్చి 31వ తేదీన ఆమె మరణించెను. న్యూజెర్సీ తీర్పునకు సరిగా ఇరువదితొమ్మిది యేండ్లు నిండిన దినమది. శవపరీక్షలో మెదడు 615 గ్రాములు మాత్రమే తూగెను. అది ఉండవలసినదానిలో సుమారు సగము. చూపునకు ఆధారమైన మెదడు భాగమును చెడిపోయియుండెను.

తల్లిదండ్రుల పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. కాగితము లేదు, ఎన్నడో మాటల సందర్భమున అన్న మాటలే సాక్ష్యము. భర్తకు అప్పటికే వేఱొక స్త్రీతో కాపురము, ఇద్దఱు బిడ్డలు. కన్నబిడ్డను ఇంటికి తీసికొనిపోయి మేమే పోషించుకొందుమని కన్నవారు మొఱపెట్టుకొనగా విన్నవారి మనస్సు కరగకుండునా? శాసనసభ్యులలో పలువురు నిజమైన కనికరముతోనే చేయెత్తియుందురు. న్యాయాధిపతియు మనుష్యుడే, పొరపడవచ్చును. ఈ మాటలన్నిటిని ఒప్పుకొందము. ఐనను తీర్పు తప్పైనచో దిద్దుటకు అప్పీలు అను బాట కలదు. ఆ బాటలో ఆ తల్లిదండ్రులు పలుమాఱులు నడచిరి. నడచుట వారి హక్కు. సాక్ష్యప్రమాణము చాలదని తోచినచో శాసనసభ అందఱకును వర్తించునట్లు, ఇకముందునకు దానిని గట్టిపఱుపవచ్చును. ఇవి ప్రభుత్వమునకు తగిన మార్గములు.

ఇంకొక సంగతి. నేడు గవర్నరు గొట్టమును వేయుమనెను. నియమము లేని అధికారము అతనికి చెల్లుననినచో, ఱేపు మఱియొక గవర్నరు, మఱియొక ఇంట, బిడ్డను బ్రదికించుకొనగోరు తల్లిదండ్రులను కాదని గొట్టమును తీయుమనవచ్చును. ఖర్చు ఎక్కువైనదనవచ్చును, మంచములు చాలవనవచ్చును. అప్పుడు వారికి దిక్కెవరు? కావున ఈ హద్దు భర్తకొక్కనికే కాక, ఆ కన్నవారికి సైతము రక్షయే. అధికారము మనకు నచ్చిన పని చేయుచున్నప్పుడే దానిని హద్దులో నుంచవలె. నచ్చని పనికి పూనుకొన్ననాడు ఆపుటకు వ్యవధి యుండదు.

ఇక మన దేశపు సంగతి కొంచెము. 2004వ సంవత్సరము డిసెంబరులో హైదరాబాదున కండరములు క్షీణించు వ్యాధితో మరణమునకు చేరువైన ఒక యువకుని పక్షమున, అతని అవయవములు పాడుకాకముందే ఇతరులకు దానమిచ్చుటకు అనుమతి కోరి తల్లి ఉన్నతన్యాయస్థానమునకు పోయెను. మెదడు పూర్తిగా నశించిన పిమ్మట తప్ప బ్రదికియున్నవాని నుండి అట్లు తీయుటకు 1994వ సంవత్సరపు చట్టము ఒప్పదని న్యాయస్థానము నిరాకరించెను. ఆ తల్లి కోరిక హృదయమును కదలించునదియే. కాని ఆ నిరాకరణము అందఱకును ముందే చేసియుంచిన చట్టమును అనుసరించినది. ఆ ఇంటికై ప్రత్యేకముగా అల్లినది కాదు. భేదము ఇచ్చటనే యున్నది.

2011వ సంవత్సరము మార్చి 7వ తేదీన, ముంబయిలో ముప్పదియేడేండ్లకు పైగా అచేతనముగా నున్న ఒక నర్సు విషయమున, ఆమెను కన్నబిడ్డవలె చూచుకొనుచున్న ఆసుపత్రి పరిచారికల కోరికను మన్నించి, సుప్రీము కోర్టు ఆహారము ఆపుటకు నిరాకరించెను. ఐనను, తగిన సందర్భములలో ఉన్నతన్యాయస్థానపు అనుమతితో చికిత్సను విరమింపవచ్చునని దారి చూపెను. 2018వ సంవత్సరము మార్చి 9వ తేదీన అయిదుగురు న్యాయాధిపతుల రాజ్యాంగ ధర్మాసనము, గౌరవముతో మరణించుట జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పి, మనుష్యుడు తెలివిగానున్నప్పుడే తన కోరికను వ్రాసియుంచవచ్చునని అనుమతించెను. పార్లమెంటు శాసనము చేయువరకు నడుచుటకు నియమములను ఏర్పఱచెను. మందు పొడిచి ప్రాణము తీయుట మాత్రము అనుమతింపలేదు. ఫలము లేని చికిత్సను ఆపి, ప్రకృతిని తన పని చేయనిచ్చుటకే అనుమతి.

2023వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఆ నియమములను సులభము చేసిరి. మేజిస్ట్రేటు సంతకమునకు బదులు, ఇద్దఱు సాక్షుల యెదుట వ్రాసి, నోటరీ చేతగాని గజెటెడు అధికారి చేతగాని ధ్రువీకరింపించినచో చాలును. తన పక్షమున నిర్ణయము తెలుపవలసిన ఆప్తుల పేర్లు అందు వ్రాయవలె. ఒక ప్రతిని పంచాయతీకిగాని, పురపాలక సంఘమునకుగాని చెందిన అధికారికి ఇయ్యవలె. అది అమలునకు రావలసిన సమయమున ఆసుపత్రి వైద్యసంఘమొకటి, దానిపై రెండవ వైద్యసంఘమొకటి పరీక్షింపవలె; మేజిస్ట్రేటునకు తెలియజేయవలె. వ్రాసినదానిని ఎప్పుడైనను మార్చుకొనవచ్చును, రద్దు చేసికొనవచ్చును.

పెద్దలారా! పొలముపుట్రలకు, ఇండ్లకు వీలునామాలు వ్రాయించుట మీకు అలవాటే. పిల్లల నడుమ తగవు రాకుండుటకే గదా ఆ శ్రమ! ఫ్లోరిడా కుటుంబమున పదునైదేండ్ల దుఃఖమునకు మూలము ఒక చిన్న కాగితము లేకపోవుటయే. తుది ఊపిరి వరకు సమస్త చికిత్సలును కావలెనని కోరువారు అట్లే వ్రాయవచ్చును; వలదనువారు అట్లును వ్రాయవచ్చును. రెండును ధర్మసమ్మతములే. వ్రాయుటకు మనసొప్పనివారు భార్యాబిడ్డలను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, అందఱును వినునట్లు ఒకనాడు నోటితోనైనను చెప్పుడు. మీరు పలుకలేని దినమున మీ మాటను మీవారే పలుకవలె. ఆ మాట వారికి తెలిసియున్నచో కోర్టు మెట్లెక్కు పని తప్పును, మంత్రులు మీ గడప దాటి లోనికి వచ్చు పనియు తప్పును.